కాలు కింద పెట్టనివ్వని సేవ

"మీ వదిన మీ అమ్మని కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటోందమ్మా" అని వీధిలో వాళ్ళంతా అంటుంటే నేనూ మురిసిపోయాను. స్త్రీల చాకిరీ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని. ఆ పొగడ్త వెనక ఇద్దరు స్త్రీలకు జరుగుతున్న అన్యాయం మూడు నెలల దాకా నాకు కనబడలేదు.

అమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషనయింది. ఆస్పత్రి వాళ్ళు మందుల చీటీ ఇచ్చారు గాని, ఇంటికెళ్ళాక ఎలా లేపాలో, ఎలా నడిపించాలో చెప్పలేదు. మంచం మీదే స్నానం, మంచం మీదే అన్నం. కండ కరిగిపోయింది, వీపున పుండు పడింది. ఎత్తీ దించీ వదినకు నడుం పడిపోయింది. అన్నయ్య మందులు తెచ్చేవాడు. నేను ఆదివారం పళ్ళు తీసుకెళ్ళేదాన్ని.

తర్వాత ఫిజియోథెరపిస్టుని పిలిపించాం. కుర్చీలోంచి లేచి నిలబడటం, రోజూ పదిసార్లు. బాత్రూమ్ గోడకు పట్టుకోడానికి కడ్డీ, ఎత్తు కమోడ్ కుర్చీ, ఒక వాకర్. రెండు నెలలకి అమ్మ తన కాఫీ తనే కలుపుకుంది. వదిన పుట్టింటికెళ్ళి రెండు రాత్రులు నిద్రపోయి వచ్చింది. డబ్బుంది కాబట్టి ఇది జరిగింది. లేనివాళ్ళ సంగతేమిటి?

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లలు ఖర్చు ఇవ్వాలంటుంది. ఒళ్ళు తుడిచేదెవరో, నడిపించేదెవరో చెప్పదు. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం, ఇల్లు కదలలేని వారి దగ్గరకు ఆరోగ్య కార్యకర్తే వెళ్ళాలంటుంది. మా గడప ఎవరూ తొక్కలేదు. 2019 కాలవినియోగ సర్వేలో, ఇంట్లో పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే స్త్రీలు అందుకు రోజుకు సగటున 134 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. పురుషులు 76. "మన కుటుంబ వ్యవస్థ గొప్పది" అనేవాళ్ళు పొగిడేది ఈ జీతంలేని చాకిరీనే.

"కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక, ఈ వయసులో నడకెందుకు?" అంటారు. మరుగుదొడ్డికి ఎవరి చేయీ పట్టుకోకుండా వెళ్ళడానికి! అది మర్యాదకు సంబంధించిన విషయం, హక్కు.

కాబట్టి మన సంఘాలు అడగాల్సింది ఇది: ఆస్పత్రి నుంచి పంపేటప్పుడే ఇంటి దగ్గర ఫిజియోథెరపీకి ఏర్పాటు చేయాలి. వాకరూ, కమోడ్ కుర్చీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకాలి. చూసుకునే మనిషికి భృతీ, సెలవూ ఉండాలి. ఆశా కార్యకర్తల నెత్తిన మరో చవక పని రుద్దితే ఒప్పుకోకూడదు. ఇంట్లో కొడుకులూ చేయి వేయాలి.

సేవ పేరుతో ఒక స్త్రీని మంచానికీ, ఇంకో స్త్రీని ఆ మంచం కోడుకీ కట్టేయడం ఇక చాలు. అమ్మల్ని కాలు కింద పెట్టనిద్దాం.