వాళ్లది వారసత్వం, మనది కేసు

పోయిన నెల హైదరాబాద్‌లో మా కాలేజీ సీనియర్ ఒకన్న గృహప్రవేశానికి పోయినం. భోజనాలయ్యాక అన్న అద్దాల అలమారా తెరిచి ఒక సీసా తీసిండు. చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని, "ఇది సింగిల్ మాల్ట్ రా తమ్ముడూ, పన్నెండేళ్లు పీపాలో పండింది. మీ ఇప్పసారా లాంటిది కాదు" అన్నడు. అందరూ నవ్విన్రు. నేను కూడా నవ్విన. ఆ నవ్వు గురించే ఈ రాత.

ఆ సీసా మీద ఏం రాసి ఉందో చదివిన. ఒక లోయ పేరు, ఒక వాగు నీళ్లు, తాతల నాటి పద్ధతి, వారసత్వం. సరిగ్గా ఇవే మాటలు మా అవ్వ దగ్గర కూడా ఉన్నయి. నేను ఇంటర్ చదివేటప్పుడు కొత్తల పండుగకు ముందు మా గూడెం మీద దాడి జరిగింది. దేవరకు పోయడానికి కాచిన సారా, నానబెట్టిన ఇప్పపువ్వు, కుండలు అన్నీ పగలగొట్టి, అరవై దాటిన మనిషిని జీపెక్కించిన్రు. ఫొటో తీసి, చేతికి పలక ఇచ్చి నిలబెట్టిన్రు. అవ్వకు అర్థం కానిది ఒక్కటే. "నేను ఎవరి పువ్వు దొంగిలించిన?" అని అడిగేది.

ఆ ప్రశ్నకు జవాబు వెతికితే స్కాట్లాండ్‌లో దొరికింది. అందుకే, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి స్కాచ్ గురించి చెప్తున్న.

ముందు అసలు సింగిల్ మాల్ట్ అంటే ఏందో తెలుసుకుందాం, ఎందుకంటే తెలియని దానికే మనం ఎక్కువ భయపడతం. బార్లీ గింజల్ని రెండు మూడు రోజులు నానబెట్టి మొలక కట్టిస్తరు. ఆ మొలకను ఎండబెట్టి ఆపుతరు. కొన్నిచోట్ల, ముఖ్యంగా ఐలా దీవిలో, దీనికి పీట్ పొగ పెడతరు. పీట్ అంటే చిత్తడి నేలలో వేల ఏళ్లు కుళ్లి గట్టిపడ్డ నాచు. తవ్వి, ఎండబెట్టి, పిడకల్లాగా కాలుస్తరు. లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్, లాగవులిన్ లాంటి పేర్లకు వచ్చే పొగవాసన అదే. తర్వాత పిండి పట్టి, వేడినీళ్లలో తీపి దింపి, ఈస్ట్ కలిపి పులియబెడతరు. పులిసిన రసాన్ని రాగి బట్టీలో, మామూలుగా రెండుసార్లు, కాస్తరు. మొదట వచ్చేది పక్కన పెడతరు, చివర వచ్చేది పక్కన పెడతరు, నడిమిది ఉంచుతరు. దాన్ని ఓక్ చెక్క పీపాల్లో పోసి, కనీసం మూడేళ్లు స్కాట్లాండ్‌లోనే దాచాలె. మాల్ట్ బార్లీ, నీళ్లు, ఈస్ట్, ఒకే డిస్టిలరీ, సీసాలో 40 శాతానికి తగ్గని ఆల్కహాల్. 2009 నాటి వాళ్ల చట్టం చెప్పేది ఇది. రంగు కోసం కాల్చిన చక్కెర కలపొచ్చని కూడా అదే చట్టం ఒప్పుకుంటది. పన్నెండేళ్ల బంగారు రంగు అని మురిసిపోయేవాళ్లు ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

మా అవ్వ కూడా మొదటి చుక్కల్ని పొయ్యిలో చల్లి మంట చూసేది. కుండ మీద కుండ, పైన చల్లనీళ్లు, నడుమ ఆవిరి. ఆవిరి పట్టి చల్లార్చే సూత్రం రెండు చోట్లా ఒక్కటే. రాగికి మట్టికి, పీపాకు కుండకు తేడా ఉన్న మాట నిజమే. పీపాలో ఏళ్ల తరబడి దాచడం మనకు లేదు, అది వాళ్ల విద్య. కానీ ఒకటి చదువు, ఇంకొకటి అనాగరికం అనేంత తేడా అందులో నాకు కనబడలేదు.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. స్కాట్లాండ్ ఉత్తరాన కొండల ప్రాంతాన్ని హైలాండ్స్ అంటరు. అక్కడి జనం భాష గేలిక్. వాళ్ల భాషలో ఈ సారా పేరు ఉష్క బెహా, అంటే జీవజలం. విస్కీ అన్న మాట పుట్టింది అందులోంచే. రాతపూర్వకంగా 1494లో రాజు ఖజానా లెక్కల్లో జాన్ కోర్ అనే సన్యాసికి జీవజలం కాయడానికి మాల్ట్ ఇచ్చినట్టు ఉంది. అంటే అప్పటికి నేరం కాదు, రాజుకే కావాలె. 1644లో స్కాట్లాండ్ పార్లమెంటు సారా మీద పన్ను వేసింది. ఆ తర్వాత పన్ను మీద పన్ను. 1725లో మాల్ట్ పన్ను పెడితే గ్లాస్గోలో జనం వీధుల్లోకి వచ్చిన్రు.

ఇక్కడ ఒక చిన్న మాయ చూడండి. 1814లో హైలాండ్స్‌లో 500 గ్యాలన్ల కన్నా చిన్న బట్టీ పెట్టొద్దని చట్టం చేసిన్రు. అంటే రెండువేల లీటర్లకు పైనే. కొండ మీద రెండెకరాల బార్లీ ఉన్న కుటుంబానికి అంత బట్టీ ఎక్కడిది? సారా తాగొద్దని ఆ చట్టంలో ఎక్కడా లేదు. పేదోడు కాయొద్దని మాత్రం ఉంది. నిషేధం అని ఎప్పుడు విన్నా నేను ముందు సైజు అడుగుతున్న: ఎంత పెద్దోడికి అనుమతి ఉంది?

జనం ఏం చేసిన్రు? మనోళ్లు చేసిందే. లోయల్లో, గుహల్లో, వాగుల పక్కన కాసిన్రు. 1820ల మొదట్లో ఏటా 14 వేల దాకా దొంగ బట్టీలు పట్టుకునేవాళ్లని అక్కడి విస్కీ పరిశ్రమ సంఘమే రాసుకుంటది. స్పే నది దగ్గర కార్డూ అనే పొలంలో హెలెన్ కమ్మింగ్ అనే ఆమె ఉండేది. ఎక్సైజోళ్లు వస్తే ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టి, పెరట్లో ఎర్ర గుడ్డ ఎగరేసేదట, చుట్టుపక్కల వాళ్లు బట్టీలు దాచుకోవడానికి. ఆమె భర్త మీద కేసులు కూడా పడ్డయి. ఈ కథ ఎవరు చెప్తున్నరు? ఇప్పుడు కార్డూ డిస్టిలరీని నడిపే కంపెనీయే. టూరిస్టులకు గర్వంగా చెప్తది. మా అవ్వ పలక పట్టుకున్న ఫొటోను ఏ సీసా మీదా వెయ్యలేదు ఇంకా.

1822లో రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చిండు. ఆయనకు గ్లెన్‌లివెట్ విస్కీ కావాల్సి వచ్చింది. అప్పటికి గ్లెన్‌లివెట్ లోయలో లైసెన్సు ఉన్న బట్టీ ఒక్కటి కూడా లేదు! అంటే రాజు తాగింది నాటుసారా. ఎక్సైజోళ్లు రాజుగారి మీద కేసు పెట్టినట్టు నేనెక్కడా చదవలేదు.

మరుసటి ఏడాదే, 1823లో, కొత్త ఎక్సైజ్ చట్టం వచ్చింది. పది పౌండ్ల లైసెన్సు, 40 గ్యాలన్లకు తగ్గని బట్టీ, పన్ను సగానికి పైగా తగ్గింపు. దీని కోసం ప్రభువుల సభలో మాట్లాడింది డ్యూక్ ఆఫ్ గార్డన్, ఆ లోయ భూస్వామి. 1824లో లైసెన్సు తీసుకుని ముందు నిలబడ్డ జార్జ్ స్మిత్ ఆయన కౌలుదారే. చుట్టుపక్కల కాసుకునే జనం కోపంతో ఆయన బట్టీ తగలబెడతమన్నరు. ఆత్మరక్షణకు పక్క ఊరి భూస్వామి ఆయనకు రెండు పిస్టళ్లు ఇచ్చిండు. ఆ పిస్టళ్లు ఇప్పటికీ దాచుకున్నరు. కంపెనీ చరిత్రలో ఇది వీరగాథ. నేను మాత్రం ఆ రాత్రి బయట నిలబడ్డ జనం పక్కన ఉండి చదువుకున్న ఈ కథను. స్మిత్ చెడ్డోడని కాదు. ఒకడికి కాగితం దొరికిన రోజే మిగతా లోయంతా దొంగలు అయిపోయింది, అదీ సంగతి.

ఇంకో ముక్క కూడా ఉంది. స్మిత్ కొడుకు కాలంలో, 1884 నాటికి, "ది గ్లెన్‌లివెట్" అన్న పేరు వాళ్ల ఒక్కళ్లకే అని తేలింది. మిగతావాళ్లు కావాలంటే తమ పేరు వెనక తోకలాగా తగిలించుకోవచ్చు. ఒక లోయ పేరు, ఒక వాగు పేరు, ఒక కంపెనీ ఆస్తి! ఆ కంపెనీ 2001 నుంచి ఫ్రాన్స్ వాళ్ల పెర్నో రికార్ చేతిలో ఉంది.

ఇంతవరకు సారా సంగతి. భూమి సంగతి దీనికన్నా ఘోరం. ఇదే కాలంలో హైలాండ్స్ భూస్వాములు జనాన్ని లోయల నుంచి వెళ్లగొట్టి గొర్రెలను తోలిన్రు. 1814లో స్ట్రాత్‌నేవర్‌లో ఇళ్లకు నిప్పు పెట్టించిండని సదర్లాండ్ ఎస్టేటు మనిషి పాట్రిక్ సెల్లార్ మీద 1816లో విచారణ జరిగింది. జ్యూరీలో భూస్వాములే ఎక్కువ. నిర్దోషి అన్నరు. ఖాళీ చేయించిన జనాన్ని సముద్రం ఒడ్డుకు తోలి, 1819లో ఆ ఎస్టేటు యజమానే బ్రోరా దగ్గర క్లైన్‌లిష్ డిస్టిలరీ కట్టించిండు. కౌలుదార్ల బార్లీకి చట్టబద్ధమైన గిరాకీ, దొంగ బట్టీలకు చెక్ అని చెప్పుకున్నరు. స్కై దీవిలో టాలిస్కర్ కట్టిన మకాస్కిల్ అన్నదమ్ములు కూడా జనాన్ని తీసేసి గొర్రెలు పెట్టినవాళ్లే. ఒక చేత్తో ఊరు తీసేసుడు, ఇంకో చేత్తో ఊరి పేరుతో సీసా నింపుడు. ఇవాళ సీసాల మీద గేలిక్ పేర్లు మెరుస్తుంటయి. గేలిక్ మాట్లాడేవాళ్లు స్కాట్లాండ్ జనాభాలో రెండు శాతం కూడా లేరు. పునరావాసం మాట వింటూ పెరిగిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఎవరిదిప్పుడు స్కాచ్? పెద్ద వాటా లండన్ కంపెనీ డియాజియోది. బోమోర్, లఫ్రోయిగ్ జపాన్ సంటోరీవి. గ్లెన్‌మోరంజీ, ఆర్డ్‌బెగ్ ఫ్రాన్స్‌లో ఖరీదైన హ్యాండ్‌బ్యాగులు అమ్మే ఎల్‌విఎమ్‌హెచ్‌వి. డాల్మోర్‌ను 2007లో మన విజయ్ మాల్యా కంపెనీ కొన్నది, 2014లో ఫిలిప్పీన్స్ కంపెనీకి పోయింది. గ్లెన్‌ఫిడిక్ లాంటి కొన్ని ఇంకా అక్కడి కుటుంబాల చేతిలోనే ఉన్నయి, కాదనను. సింగిల్ మాల్ట్‌ను విదేశాల్లో పెద్దఎత్తున ప్రచారం చేసి అమ్మడం మొదలైంది కూడా 1963లో ఈ గ్లెన్‌ఫిడిక్‌తోనే. అంతకుముందు మాల్ట్ దాదాపు అంతా బ్లెండ్లలో కలిసిపోయేది. మా సీనియర్ అన్న చెప్పే "వందల ఏళ్ల సింగిల్ మాల్ట్ సంప్రదాయం" సీసా రూపంలో మా నాన్న వయసుది.

మన వైపు ఇదే కథ వేరే ముగింపుతో నడిచింది. 1879లో రంప తిరుగుబాటు ఎందుకొచ్చింది? ఇంటి కోసం గీసుకునే కల్లు మీద చిగురుపన్ను, ఆపైన ఆబ్కారీ కాంట్రాక్టర్లు. తమ చెట్టు కల్లు తాము తాగడానికి బయటోడికి డబ్బు కట్టమంటే కొండరెడ్లు, కోయలు తిరగబడ్డరు. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చింది. సారా కాదు, పువ్వు! గ్లెన్‌లివెట్‌కు లైసెన్సు ఇచ్చిన తెల్లదొరల రాజ్యమే మన పువ్వును నేరం చేసింది. అవ్వా, నీ ప్రశ్నకు జవాబు ఇది.

ఇక మన కాలం. 2025లో బ్రిటన్‌తో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందంలో స్కాచ్ మీద 150 శాతం సుంకాన్ని 75కు, పదేళ్లలో 40కి తగ్గించడానికి ఒప్పుకున్నరు. స్కాచ్ అన్న పేరుకు మన దేశంలో భౌగోళిక గుర్తింపు రక్షణ కూడా ఉంది. వాళ్ల కొండల పేరును కాపాడటానికి మన చట్టం ఉంది. మన కొండల పువ్వుకు 2020లో కేంద్రం పెంచి ఇచ్చిన మద్దతు ధర కిలోకు 30 రూపాయలు. 2023లో లండన్ వేలంలో 1926 నాటి మెకాలన్ సీసా ఒక్కటి 21 లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఎన్ని కిలోల పువ్వో మీరే లెక్క వేసుకోండి, నా ఫోన్ క్యాలిక్యులేటర్ ఒప్పుకోలేదు.

ఇప్పుడు కొందరు చదువుకున్న మిత్రులు ఒక కొత్త మాట అంటున్నరు. "ఇప్పసారాను కూడా స్కాచ్ లాగా బ్రాండ్ చేద్దాం. మధ్యప్రదేశ్ హెరిటేజ్ లిక్కర్ అని మొదలుపెట్టింది కదా, మనకూ లైసెన్సు ఇస్తే బాగుపడతం." నాకు ఆశ లేదని కాదు. కానీ స్కాచ్ లాగా అనే ముందు స్కాచ్‌కు ఏం జరిగిందో చూసిన తర్వాత మాట్లాడండి. లైసెన్సు వచ్చింది, హైలాండ్ జనం పోయిన్రు. పేరు ప్రపంచమంతా పోయింది, పేరు ఎవరిదన్నది కోర్టు చెప్పింది. బట్టీ సైజు ఎవరు రాస్తరు? సీసా మీద పేరు ఎవరి ఆస్తి? పువ్వు రాలే చెట్టు ఎవరి పట్టాలో ఉంది? ఈ మూడూ తేలకుండా వచ్చే హెరిటేజ్‌లో మన వాటా పువ్వు ఏరే కూలి.

స్కాట్లాండ్‌లోనే ఎదురుదారి కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. 1997లో ఎయిగ్ దీవి జనం తమ దీవిని భూస్వామి దగ్గర నుంచి కొనుక్కున్నరు. 2003లో ఊళ్లకు భూమి కొనే హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. డింగ్‌వాల్ దగ్గర గ్లెన్‌వివిస్ అని ఒక డిస్టిలరీని వేలమంది చిన్న వాటాదారులు డబ్బు పోగుచేసి నిలబెట్టిన్రు. అది పెద్దదేం కాదు. కానీ స్కాచ్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే డ్యూక్‌ల దగ్గర కాదు, ఇక్కడ.

మా అక్కలు, అమ్మలు ఈ పోస్టు చదివి తిడతరని తెలుసు. తాగి వచ్చి కొట్టే మొగుడు ఉన్న ఇంట్లో వారసత్వం మాట ఎట్లా వినబడుతదో నాకు తెలుసు, మా ఇంట్లో కూడా చూసిన. పండుగ సారా వేరు, రోజూ తాగుడు వేరు. బెల్లం ఊటలో ఏవేవో కలిపి అమ్మేది అసలు మన సారానే కాదు. రోడ్డు మీద బెల్టు షాపు పెట్టి ఆదాయం లెక్కపెట్టుకునేవాళ్లు, అవ్వ కుండ పగలగొట్టి ఆరోగ్యం గురించి చెప్పడం మాత్రం నేను ఒప్పుకోను. 1996 పీసా చట్టం మత్తు పదార్థాల మీద నియంత్రణ, నిషేధం అధికారం గ్రామసభకు ఇవ్వాలన్నది. చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు కూడా. అంటే కాయాలన్నా మనమే, ఆపాలన్నా మనమే, బెల్టు షాపు ఎత్తేయాలన్నా మనమే. ఆడవాళ్లు ఆపమంటే ఆగాలె. ఆ మాట సభలో వాళ్ల నోటి నుంచి రావాలె, జీపు దిగినోడి నోటి నుంచి కాదు.

మా గూడెంలో వచ్చే గ్రామసభకు మూడు అంశాలు రాసుకున్నం: పండుగ సారాకు ఇంటికి ఎంత, బెల్టు షాపు మూత, ఇప్పపువ్వు అమ్మకం సంఘం ద్వారానే. రెండో దాన్ని ముందు పెట్టాలని అక్కలు పట్టుబట్టిన్రు, పెట్టినం. మీ ఊర్లో సభ ఎప్పుడు? తీర్మానం నకలు కావాలంటే కింద ఊరి పేరు రాయండి, పంపుతం. జోహార్.