కొన్న రైలు, చేసిన గేటు

వైజ్ఞానిక ప్రదర్శనలో మన బల్ల దగ్గర ఆగినవారు ముందుగా అడిగే ప్రశ్న "ఈ రైలు ఎక్కడ కొన్నారు?" అని. ఎంతయింది అన్నది రెండో ప్రశ్న. రైలును నడిపిస్తున్న స్విచ్చుల బోర్డును గానీ, ఆ గేటును గానీ ఎవరు చేశారని అడిగేవారు అరుదు. బల్ల మీదున్నది కనిపిస్తుంది, బల్ల కింద ఉన్న పని కనిపించదు కదా!

పూర్వ విద్యార్థులు పంపే చందాతో ఇంకా పెద్ద రైలు సెట్టు కొందామని మనలో కొందరు అంటున్నారు. బజారులో రెడీమేడ్ ప్రాజెక్టులు దొరుకుతున్నాయి, ఒకటి తెచ్చేద్దామని మరికొందరు. రెండూ వద్దన్నది మా అభిప్రాయం. ఉన్న బొమ్మరైలు చాలు. డబ్బు పనిముట్ల మీద పెట్టాలి.

ఎందుకో చెబుతాం. దుకాణంలో దొరికే హెచ్‌ఓ రైలు అసలు రైలులో 87వ వంతు. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది 1435 మిల్లీమీటర్ల గేజి వాడే దేశాల లెక్క. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. అదే లెక్కన మనకు 19 మిల్లీమీటర్లకు పైగా రావాలి. కాబట్టి ఎంత ఖరీదు పెట్టినా అట్టపెట్టెలోంచి వచ్చేది కాజీపేట మీదుగా పోయే రైలు కాదు. దాన్ని మన రైలుగా మార్చేది మనం చుట్టూ కట్టే గేటు, సిగ్నలు, గేట్‌మన్ గది, పక్కనున్న చింతచెట్టు.

గేటు సంగతే చూడండి. సైకిలు పుల్లతో గేటు కర్ర, పాడైన డీవీడీ ప్లేయర్‌లోని మోటారుతో దాన్ని ఎత్తి దించే ఏర్పాటు. గేటు పూర్తిగా దిగినప్పుడే దాని కొన ఒక చిన్న స్విచ్చును నొక్కుతుంది. పచ్చదీపానికీ, గేటుకు ముందున్న పట్టా ముక్కకూ కరెంటు ఆ స్విచ్చు గుండానే వెళ్తుంది. గేటు తెరిచి ఉంటే ఎర్రదీపమే, రైలు తనంతట తానే ఆగుతుంది. ఇంటర్‌లాకింగ్ అంటే ఇదే. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని లెవెల్ క్రాసింగ్‌లో రైలు స్కూలు బస్సును ఢీకొని పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. బ్రాడ్‌గేజి లైన్ల మీద అలాంటి క్రాసింగులన్నిటినీ రైల్వేవారు 2019 జనవరి నాటికి తొలగించారు. ఈ సంగతి చెబుతూ గేటు దించి చూపితే బల్ల ముందు గోల దానంతటదే ఆగుతుంది. రైలు గుండ్రంగా వందసార్లు తిరిగినా ఆ పని జరగదు.

హాస్టలు గదిలో నడవడం వేరు, ప్రదర్శనలో మూడు రోజులు నడవడం వేరు. దుమ్ము, కరెంటు కోత, ఆటో కుదుపులు, పట్టుకు చూసే చేతులు! ఎనిమిదడుగుల ప్లైవుడ్డును రెండు ముక్కలు చేసి, కలిసేచోట తలుపు బందులు బిగించి, వాటి చీల ఊడదీసి పెట్టుకునేలా ఉంచితే పట్టాలు ప్రతిసారీ సరిగ్గా ఎదురెదురుగా వస్తాయి. తీగలు కలపడానికి ట్రాక్టరు ట్రాలీ ప్లగ్గు చాలు. పట్టా తుడవడానికి కర్రకు అతికించిన పెన్సిలు రబ్బరు, బోగీలు విడదీయడానికి వంచిన సైకిలు పుల్ల, కరెంటు పోతే మోటారుసైకిలు బ్యాటరీ. అన్నిటిలోకీ మాకు నచ్చింది ఆటో బ్రేకులైటు బల్బు, 12 వోల్టులు 21 వాట్లది. పట్టాకు వెళ్లే తీగ మధ్యలో దాన్ని పెడితే, బోగీ పట్టా తప్పి షార్టయినప్పుడు బల్బు వెలుగుతుంది, ఏదీ కాలదు. చూసే పిల్లలకు అదీ ఒక తమాషాయే.

ఇదంతా లేనివాళ్ల సర్దుబాటు అనుకునేవారికి ఒక మాట. అమెరికాలో ఎంఐటీ అంతటి కాలేజీలో విద్యార్థులు 1946లో రైలు నమూనాల క్లబ్బు పెట్టుకున్నారు. పట్టాలకు కరెంటు పంచే ఏర్పాటును టెలిఫోన్ ఎక్స్ఛేంజి సామాన్లతో కట్టారు. వాళ్లలో కొందరు తర్వాత కంప్యూటర్ల వైపు వెళ్లారు. 1962 నాటి స్పేస్‌వార్ అనే కంప్యూటర్ ఆటకు మీటల పెట్టెలు కూడా ఆ క్లబ్బు గదిలోని సామాన్లతోనే చేసుకున్నారు.

ఇంకొక సంగతి కాస్త కటువుగానే చెప్పాలి. జడ్జీలు రాగానే ఇంగ్లీషు బాగా వచ్చినవాడిని ముందు నిలబెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. మన దగ్గర అది వద్దు. తీగలు అతికిన ఎనిమిదో తరగతి తమ్ముడే నిలబడనీ, తెలుగులోనే చెప్పనీ. ఏ తీగ ఎందుకుందో అతనికే తెలుసు, తెగితే అతికేదీ అతనే. ప్రతి వస్తువు పక్కనా ఒక అట్టముక్క పెట్టాలి: ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎంతయింది.

అన్నలారా, ఈసారి షీల్డులు పంపకండి. ఒక మల్టీమీటరు, రెండు సోల్డరింగ్ ఐరన్లు, మంచి పట్టకారు పంపండి. ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్లుంటే పారేయకండి. వీలైతే ఒక ఆదివారం వచ్చి, 12 వోల్టుల మీద ఎల్‌ఈడీకి వెయ్యి ఓముల రెసిస్టరు ఎందుకు కావాలో తమ్ముళ్లకు చూపించండి. ప్లైవుడ్డు ముక్కలు వార్డెన్ గారి గది పక్క వరండాలో ఉన్నాయి.