పురుగుకు పేరెందుకు?

పిల్లలూ! వానాకాలంలో మెదక్ చుట్టుపట్ల జొన్నచేల దగ్గర రాత్రి దీపం పెడితే, గడ్డిరంగు రెక్కల పురుగులు వచ్చి వాలుతాయి. రెక్కలు చాస్తే ఇంచుమించు అంగుళం వుంటాయి. వాటిలో జొన్నకు శత్రువైనది ఒకటి వుంది.

ఆ తల్లి పురుగు ఆకుల మీద చేప పొలుసుల్లాగా గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు కాండంలోకి తొలుచుకుపోతుంది. మొవ్వు కాస్తా ఎండిపోతుంది!

రైతులు దీన్ని ఎప్పటినుంచో ఎరుగుదురు. కాని శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో దీనికి ‘పార్టెల్లస్’ అన్న పేరు 1885లో పడింది. పెట్టినవాడు స్విన్‌హో అనే సైనికోద్యోగి.

కొత్త జాతికి పేరు పెట్టటం తేలిక కాదు. రెక్కల రంగూ, మచ్చలూ, కొలతలూ రాయాలి. తెలిసిన జాతులతో పోల్చాలి. ఆ పురుగును మ్యూజియంలో భద్రపరచాలి.

ఇంత శ్రమ దేనికంటారా? వినండి. 1932 నాటికి యీ పురుగు ఆఫ్రికాలోని మలావీలో కనిపించింది. తరవాత తూర్పు ఆఫ్రికా అంతా పాకి, జొన్ననూ మొక్కజొన్ననూ పాడు చేసింది. ఇది ఆసియా పురుగని తెలిసింది గనుక, దాని శత్రువును కూడా ఆసియాలోనే వెతికారు. చీమకన్న చిన్న కందిరీగ ఒకటి దొరికింది! అది పిల్ల పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి దాన్ని చంపుతుంది. 1993లో ఆ కందిరీగలను కెన్యాలో వదిలారు. అక్కడ పురుగు బెడద తగ్గింది.

పేరు తెలిస్తే వూరు తెలిసింది; వూరు తెలిస్తే మందు దొరికింది. ఈసారి దీపం దగ్గర పురుగు వాలితే, తరిమేముందు దాని రంగూ, మచ్చలూ రాసిపెట్టుకోండి.