సున్నం వేయమంటే గోడలు జరిపారు

కొత్తదంటే ఆడవాళ్ళకి భయమనీ, అలవాటైన మీట తప్ప ఇంకో మీట నొక్కరనీ మన మీద ఓ అపవాదు ఉంది. మిక్సీ వచ్చినప్పుడు రోలు పట్టుకు వేళ్ళాడిందెవరండీ? మనమా? రోట్లో నూరితేనే పచ్చడికి రుచి అని కంచం ముందు కూర్చుని తీర్పులు చెప్పిన మహానుభావులా?

కాబట్టి నేను కొత్తకి వ్యతిరేకిని కాను. నా పేచీ అల్లా ‘అప్‌డేట్’ అనే ఆ ఒక్క మాటతోనే.

మా దాచేపల్లిలో సున్నానికి కొదవ లేదు. చుట్టూ సున్నపురాయే. పండక్కి ఇంటికి సున్నం వేయించడమంటే ఎంత చాకిరీయో మీకు వేరే చెప్పాలా! సామానంతా వసారాలోకి చేరుతుంది. రెండ్రోజులు వంట పెరట్లోనే. అయినా విసుక్కోం. గోడ తెల్లబడుతుంది, పురుగూ పుట్రా పోతుంది, మూడోనాటికి ఉప్పుజాడీ మళ్ళీ దాని చోటుకి అది వచ్చేస్తుంది. కరెంటు పోయి చీకట్లో చెయ్యి పెట్టినా అందుతుంది.

ఈ కంప్యూటరు వాళ్ళు వేసే సున్నం అలా ఉండదు. వేసి వెళ్ళాక చూస్తే నిన్న గుమ్మం ఉన్నచోట ఇవాళ గోడ ఉంటుంది. ఉప్పుజాడీ ఏదయ్యా అంటే, “ఇప్పుడు మీకు ఇంకా సులువు మేడమ్” అంటారు. ఎవరికి సులువు?

మా వీధిలో ఒకామె ఉంది. ఇంటరు కాగానే పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు పెద్ద తరగతులకి వచ్చాక, ఇప్పుడు ప్రైవేటుగా డిగ్రీ కడుతోంది. ఆమె కాలేజీ నడిచేది మధ్యాహ్నం రెండు నుంచి పిల్లలు బడి నుంచి వచ్చేదాకా. అంతే. అంట్లు తోముకుని, తలుపు దగ్గరగా వేసుకుని, ఫోనులో ఒక పాఠాల లైబ్రరీ తెరుస్తుంది. (దాని పేరెందుకు లెండి!) చరిత్ర పాఠం వింటూ ముఖ్యమైన చోటల్లా ఒక గుర్తు పెట్టుకుంటుంది. అలా ఆర్నెల్లు. పరీక్షలు పదిరోజులున్నాయనగా ఒక మధ్యాహ్నం ఆ లైబ్రరీ, అప్‌డేట్ చేస్తేగాని తలుపు తియ్యనంది. సరే, చేసింది. గంట పట్టింది. తలుపు తెరుచుకున్నాక చూస్తే తెలుగు పోయి ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. నువ్వెవరో మళ్ళీ చెప్పమంది. చెప్పడానికి ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ వెళ్ళేది ఇంటాయన నంబరుకి. ఆయన క్వారీలో ఉంటాడు. అక్కడ సిగ్నలుండదు.

రాత్రి ఆయనొచ్చాక తెరిస్తే, పాఠాలున్నాయి గానీ గుర్తులు లేవు.

“అక్కా, నా గుర్తులన్నీ పోయినయ్. మళ్ళీ మొదట్నించీ ఇనాల్నా?” అని మర్నాడు నా దగ్గరికొచ్చి అడిగింది. ఏం చెప్పను? ఆర్నెల్ల మధ్యాహ్నాలు ఎవరు తిరిగిస్తారు?

హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం చేసే మా బంధువుల అబ్బాయి దగ్గర ఈ మాటెత్తితే, “అదంతా సెక్యూరిటీ కోసం పిన్నీ, మార్చకపోతే దొంగలు పడతారు” అన్నాడు. పడతారు నాయనా, కాదనలేదు. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీదే దొంగలు పడి కోట్లమంది ఖాతాల వివరాలు పట్టుకుపోయారు. చిల్లులు పూడ్చమనే నేనూ అంటున్నాను. చిల్లు పూడ్చడానికీ, గుమ్మం జరపడానికీ ఏమిటి సంబంధం? రెండూ ఒకే పొట్లంలో కట్టి, మందు కావాలంటే మట్టీ మింగమంటే ఎలా?

అడోబీ వాళ్ళ ఫ్లాష్ ప్లేయరు సంగతే చూడండి. దాన్నిండా చిల్లులేనని, 2020 డిసెంబరు 31తో దానికి మంగళం పాడారు. ఆ మాట 2017లోనే చెప్పారు కనక వాళ్ళనేం అనను. కానీ దాని మీద ఆడే బొమ్మల పాఠాలు లోకంలో ఎన్ని! వాటిని కొత్త పద్ధతిలోకి మార్చాల్సింది ఎవరు? తయారుచేసినవాళ్ళా, చదువుకునే పిల్లలా? మార్చినవి బతికాయి, మార్చనివి పోయాయి. పాత బొమ్మల్ని కాపాడ్డం కుదరదనకండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు రఫుల్ అనే సాధనం పెట్టి వేలకొద్దీ ఫ్లాష్ బొమ్మల్ని ఇప్పటికీ ఆడిస్తున్నారు. మనసుండాలి.

ఇక మన పుస్తకాల కథ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు అమెరికాలో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కూర్చుని పదిలక్షల పుస్తకాలు కంప్యూటరెక్కించాలని తలపెట్టారు. ఆ పుణ్యాన మనకి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. వేలాది తెలుగు పుస్తకాలు! అయితే పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరి చేతికొచ్చినట్టు వాళ్ళు కొట్టినవి. ‘శ్రీ’కి ఎస్ తర్వాత ఆర్ వస్తుందో, హెచ్ వస్తుందో కొట్టినవాడికే ఎరుక. తెలుగు వికీపీడియాలో రాసే ఔత్సాహికులు కొందరు పైసా ఆశించకుండా ఆ పుస్తకాల జాబితాలు తెలుగు లిపిలోకి ఎక్కించారు. హమ్మయ్య, దారి తెలిసిందనుకునేసరికి కాపీహక్కుల తగవులొచ్చి ఆ లైబ్రరీయే మూతపడింది. పుస్తకాలకి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్ళుండబట్టి బతికిపోయాం. గుర్తుపెట్టుకున్న పాత చిరునామాలు మాత్రం అన్నీ వట్టివైపోయాయి.

1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టుకుని మన గుంటూరు జిల్లా కాలవల వెంట ఊరూరా తిప్పారు. చదివేవాళ్ళు ఎక్కడుంటే పడవ అక్కడాగేది. ఇప్పుడు పడవ తనకి తోచినప్పుడు రేవు మార్చేస్తుంది. గట్టున నిలబడ్డ మనం వెనకబడ్డవాళ్ళం అనిపించుకుంటాం!

సుఖం లేదా అంటారా? లేకేం, బోలెడుంది. పాఠం వేగం తగ్గించుకుని వినే మీట ఉంది చూశారూ, దాన్ని కనిపెట్టిన మహాతల్లి ఎవరో గానీ పట్టుచీర పెట్టాలి. గడగడా చదివే మేష్టారి చేత నిదానంగా చెప్పించుకోవడం క్లాసులో మన తరమయ్యేదా? తెలుగులో కొడితే తెలుగులోనే వెతికిపెట్టడం కూడా అప్‌డేట్ల పుణ్యమే. 1928లో కేసరి గారు మద్రాసులో మొదలుపెట్టిన ‘గృహలక్ష్మి’ పాత సంచికలు దాచేపల్లిలో మంచం మీద పడుకుని తిరగేస్తూ, పొయ్యి మీద పాలు పొంగినా లేవలేదు నేను. ఈ సుఖం రుచి చూపించినవాళ్ళే మధ్యలో కంచం లాగేస్తుంటే ఒళ్ళు మండదూ?

అందుకే ఆ పాఠాల లైబ్రరీ వాళ్ళకి మా వీధామె తరఫున తెలుగులో ఓ ఉత్తరం రాశాను. చిల్లులు పూడ్చుకోండి, అడక్కుండా పూడ్చుకోండి. గుమ్మాలు జరిపేటట్టయితే నెల ముందు చెప్పండి, అదీ తెలుగులో చెప్పండి. పరీక్షల రోజుల్లో అసలు ముట్టుకోకండి. చదువుకునే మనిషి పెట్టుకున్న గుర్తులు ఆమె సొత్తు, వాటి మీద చెయ్యి వెయ్యకండి. ఓటీపీ ఆమె నంబరుకే పంపండి.

నాలుగో రోజున జవాబొచ్చింది, ఇంగ్లీషులో. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదట. యాప్‌ను అప్‌డేట్ చేసి మళ్ళీ ప్రయత్నించాలట.

రెండో ఉత్తరం రాస్తున్నాను. ఈసారి ఆమె కూడా సంతకం పెడతానంది.