ఒకే పద్దులో లక్షల బిల్లు
సంతాన చికిత్సలో ల్యాబ్ ఖర్చులకు వివరాలు కరవు

మార్కాపురం: సంతానం కోసం ఐవీఎఫ్ చికిత్సకు పశ్చిమ ప్రకాశం దంపతులు గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ నగరాలకు పరుగులు తీస్తున్నారు. బంగారం తాకట్టు పెట్టో, వడ్డీకి తెచ్చో లక్షలు చెల్లిస్తున్నారు. తిరిగివచ్చేటప్పుడు వారి చేతిలో ఉండేది తరచూ 'ఐవీఎఫ్ ప్యాకేజీ' అనే ఒకే పద్దు గల రసీదు.

ఆ పద్దు వెనుక జరిగే పనులు అనేకం. అండాల సేకరణ ఆపరేషన్ థియేటర్‌లో జరుగుతుంది. పిండం ఏర్పడి ఎదిగేది మాత్రం దంపతులు అడుగుపెట్టని ల్యాబ్‌లోనే. వీర్యాన్ని శుద్ధి చేయడం, అవసరమైతే ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పంపడం (దీన్నే ఇక్సీ అంటారు), పిండాలను మూడు నుంచి అయిదు రోజులు ఇంక్యుబేటర్‌లో పెంచడం, మిగిలినవాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరచడం అక్కడి పనులు. చివరిదే కీలకం. తొలి ప్రయత్నం విఫలమైతే నిల్వ పిండాలతో మళ్లీ ప్రయత్నించవచ్చు. అండాల సేకరణ ఖర్చు తప్పుతుంది. ఎన్ని పిండాలు మిగిలాయో కాగితంపై లేనప్పుడు, మళ్లీ పూర్తి ప్యాకేజీ కట్టమంటే కాదనడానికి ఆధారమేదీ?

అమెరికాలో ఒక్కో పనికి ఒక్కో సీపీటీ కోడ్ ఉంది. అండాల సేకరణకు 58970, పది అండాల వరకు ఇక్సీకి 89280, పది దాటితే 89281, పిండాలను గడ్డకట్టించడానికి 89258, ఏడాది నిల్వకు 89342. ఈ అంకెలు మనవారికి తెలియనివి కావు. ఇక్కడ బీఎస్సీ చదివి, అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకున్న యువకులు అమెరికా రోగుల బిల్లులకు ఇటువంటి కోడ్లే వేస్తుంటారు. సొంత అక్క బిల్లుకు మాత్రం ఏ కోడూ ఉండదు.

కారణం స్పష్టమే. బీమా సంస్థ డబ్బు చెల్లించేచోట ప్రతి పద్దునూ ప్రశ్నిస్తుంది. మన ఆరోగ్య బీమా పాలసీల మినహాయింపుల జాబితాలో 17వ కోడ్ వంధ్యత్వ చికిత్సదే. ప్రత్యేకంగా కవరేజీ ఇచ్చే కొన్ని పాలసీలు తప్ప మిగిలినవి ఐవీఎఫ్, ఇక్సీ ఖర్చులు చెల్లించవు. ఇక బిల్లును ప్రశ్నించేవారెవరు? అప్పు తెచ్చిన దంపతులకు ఆ ధైర్యం చాలదు.

చట్టం లేకపోలేదు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చికిత్స ఖర్చు, నష్టాలు, ఫలితాల అవకాశం దంపతులకు తెలియజేయాలి. ఫిర్యాదుల విభాగం ఉండాలి. పిండాలను పదేళ్లకు మించి నిల్వ చేయరాదు. ఐవీఎఫ్ సేవలకు జీఎస్టీ మినహాయింపు వర్తిస్తుందని 2022 ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసింది. విడిగా కొన్న మందుల సంగతి వేరు.

రికార్డుల విలువ డబ్బుతోనే తీరదు. సరోగసీ పేరిట లక్షలు చెల్లించి పొందిన శిశువుతో దంపతులకు జన్యుసంబంధం లేదని డీఎన్‌ఏ పరీక్షలో తేలినట్లు 2025 జులైలో సికింద్రాబాద్ కేసులో పోలీసులు వెల్లడించారు.

సేకరించిన అండాలు, ఏర్పడిన పిండాలు, గర్భాశయంలో ప్రవేశపెట్టినవి, నిల్వ ఉంచినవి ఎన్నో, ఏటా నిల్వ రుసుము ఎంతో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగవలసి ఉంది. వివాదం వస్తే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ ముందుగా అడిగేది రసీదే.