‘దేన్ ఐ’ పెట్టాలా, ‘దేన్ మీ’ పెట్టాలా?

‘షీ ఈజ్ టాలర్ దేన్ మీ’. ఇందులో తప్పెక్కడుందో గుర్తించమని బిట్ వస్తే మీరేం పెడతారు? చాలామంది ‘నో ఎర్రర్’ అని పెట్టేసి ముందుకెళ్తారు. అందులో వింతేం లేదు. తెలుగులో ‘నేను కంటే’ అనం కదా, ‘నాకంటే’ అంటాం. ఆ ‘నా’ కాస్తా ఇంగ్లిష్‌లో ‘మీ’ అయిపోతుంది. పైగా ఇంగ్లిష్ సినిమాల్లో ఎక్కువగా వినిపించేదీ అదే.

పోటీ పరీక్షల కీ మాత్రం సాధారణంగా ‘దేన్ ఐ’ వైపే ఉంటుంది. ఈ పట్టు ఇప్పటిది కాదు. 1762లో వచ్చిన రాబర్ట్ లౌత్ వ్యాకరణం ‘దేన్’ను కంజంక్షన్‌గా తీసుకుంది. అంటే ‘దేన్ ఐ’ తర్వాత ‘యామ్’ దాగి ఉందన్నమాట. కర్త కాబట్టి ‘ఐ’. మూడేళ్లకే విలియం వార్డ్ ఇంకో వ్యాకరణం రాసి, ‘దేన్’ ప్రిపొజిషన్‌గా కూడా పనిచేస్తుందన్నాడు. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు ఇవాళ రెండింటినీ ఒప్పుకుంటోంది.

రెండున్నర శతాబ్దాలుగా తెగని పంచాయితీని బిట్‌గా ఇవ్వడం న్యాయమేనా? కాదనే మా అభిప్రాయం. కానీ ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ఒక్కో తప్పుకు 0.50 మార్కు కోత. హాల్లో కూర్చుని వార్డ్ తరఫున వాదించలేరు. ఆప్షన్లలో ‘ఐ’ ఉంటే దానికే ఓటెయ్యండి.

నిజంగా జాగ్రత్త పడాల్సింది ఉద్యోగంలో చేరాక. ‘ద మేనేజర్ ట్రస్ట్స్ హర్ మోర్ దేన్ మీ’ అని మెయిల్ రాశారనుకోండి. మేనేజర్‌కు నాకన్నా ఆమె మీదే ఎక్కువ నమ్మకం అని అర్థం, ఇది ఫిర్యాదు. అదే ‘దేన్ ఐ’ అంటే, నేను ఆమెను నమ్మేదానికన్నా మేనేజర్ ఎక్కువ నమ్ముతున్నారని! ఒక్క మాటతో గొడవ ఇంకొకరి మీదికి పోయింది. అందుకే ‘దేన్ ఐ డూ’ అనో, ‘దేన్ హి ట్రస్ట్స్ మీ’ అనో పూర్తిగా రాసేయండి. ఇంటర్వ్యూలోనూ అంతే. ‘దేన్ ఐ’ దగ్గర ఆపేస్తే పుస్తకం అప్పజెప్పినట్టుంటుంది. ‘దేన్ ఐ యామ్’ అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇంకో మాట. సీనియర్, జూనియర్, సుపీరియర్ తర్వాత ‘దేన్’ రాదు, ‘టు’ వస్తుంది. అది ప్రిపొజిషనే, అందులో తగాదా లేదు. కాబట్టి ‘హి ఈజ్ సీనియర్ టు మీ’. ‘దేన్ ఐ’ బట్టీ పట్టిన చెయ్యి ఇక్కడా ‘టు ఐ’ అని రాసేస్తుంది, చూసుకోండి.