పంపు కడిగాకే ఇంటికి!

శనివారం సాయంత్రం ఐదున్నర. జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఓ మందుల ఫ్యాక్టరీ. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఆఖరి శాంపిల్ పరీక్ష అప్పుడే పూర్తయింది. బయట కంపెనీ బస్సు హారన్ మోగిస్తోంది. కొత్తగా చేరిన కెమిస్టు బ్యాగు భుజాన వేసుకుని, మెషీన్ ఆపబోయింది.

‘‘ఏమ్మా, బఫర్ తీశావా?’’ వెనకనుంచి సీనియర్ గొంతు.

‘‘సార్, బస్సు... సోమవారం పొద్దున్నే వచ్చి కడిగేస్తాను.’’

‘‘బస్సు పోతే షేర్ ఆటో ఉంది. సీలు పోతే సోమవారం పని మొత్తం పోతుంది. గంట ఆగు.’’

ఆ అమ్మాయి బ్యాగు దించింది. మందుల ల్యాబుల్లో పనిచేసే వాళ్లెవరికైనా బాగా తెలిసిన మాటలే ఇవి. ఒక చిన్న పంపును కడగడానికి గంట ఎందుకు? కడగకపోతే ఏమవుతుంది? అది తెలియాలంటే, మనం వేసుకునే మాత్ర ఆ మెషీన్ దగ్గరికి ఎందుకు వెళ్తుందో ముందు చూడాలి.

రంగులతో మొదలై...

స్ట్రిప్ మీద 500 మిల్లీగ్రాములని రాసుంటే మాత్రలో అంత మందూ ఉండాలి. అనేక మాత్రలకు నిబంధన 95 నుంచి 105 శాతం, కొన్నింటికి 90 నుంచి 110. ఆ లెక్క తేల్చే యంత్రాల్లో ముఖ్యమైనది హెచ్‌పీఎల్‌సీ. పూర్తిపేరు హై పెర్ఫార్మెన్స్ లిక్విడ్ క్రొమటోగ్రఫీ.

దీని మూలం ఆకుపసరులో ఉంది. రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్ గాజు గొట్టంలో సుద్దపొడి కూరి, పైనుంచి ఆకుల రసం పోశాడు. రసం దిగుతున్నకొద్దీ అందులోని రంగులు ఆకుపచ్చ, పసుపు పట్టీలుగా విడిపోయాయి. 1906లో ఈ పద్ధతికి క్రొమటోగ్రఫీ అని పేరుపెట్టాడు. అంటే రంగుల రాత! తమాషా ఏమిటంటే, రష్యన్‌లో ‘త్స్వెట్’ అన్నా రంగే. ఆ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లినందుకు మార్టిన్, సింజ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలకు 1952లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇప్పుడు గాజు గొట్టం బదులు స్టీలు గొట్టం, సుద్దపొడి బదులు సన్నటి సిలికా రేణువులు. దీన్నే కాలమ్ అంటారు. చాలా కాలమ్‌లలో రేణువు సైజు 5 మైక్రాన్లు. మన వెంట్రుక మందంలో పదో వంతుకన్నా తక్కువే. అంత గట్టిగా కూరిన గొట్టంలోకి ద్రవం తనంతట తాను దిగదు. పంపు తోయాల్సిందే.

కెంపు, నీలం

ఆ తోపు మామూలుది కాదు. కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల అదనంగా ఉండే ఒత్తిడి సుమారు ఒక బార్. కారు టైరులో రెండుంటుంది. ఈ పంపు 100, 200 బార్ల దగ్గర రోజంతా పనిచేస్తుంది. అదీ నిమిషానికి ఒక్క మిల్లీలీటరు చొప్పున. అంటే సుమారు ఇరవై చుక్కలు! ఒత్తిడి ఎంతున్నా ఆ లెక్క తప్పకూడదు.

లోపల పెన్సిలంత లావు కూడా లేని పిస్టన్లు ముందుకూ వెనక్కూ ఆడుతుంటాయి. చాలా పంపుల్లో ఇవి కృత్రిమ నీలంతో చేసినవి. ద్రవం వెనక్కి పోకుండా ఆపే చిన్న గోళీ కృత్రిమ కెంపు. అది కూర్చునే పీట మళ్లీ నీలం. నవరత్నాల్లో రెండు ఇక్కడే ఉన్నాయి! అరిగిపోకుండా ఉండేందుకే ఈ రాళ్లు. గోళీ చేసే పని పల్లెల్లో అందరికీ తెలిసిందే. బావి మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు చేసేదీ అదే. పిస్టన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ సీలు మన కుక్కర్ గాస్కెట్ లాంటిది. అది పోతే కారుతుంది.

ఉప్పే అసలు శత్రువు

పరీక్షలో వాడే ద్రవాన్ని మొబైల్ ఫేజ్ అంటారు. చాలా మందులకు అందులో ఒక భాగం బఫర్. నీళ్లలో ఫాస్ఫేట్ లాంటి లవణం కలిపి చేస్తారు. రెండో భాగం మిథనాల్ లేదా ఎసిటోనైట్రైల్.

పంపు నడుస్తున్నంతసేపూ ఫర్వాలేదు. ఆపేస్తేనే చిక్కు. పిస్టన్ మీద పలచటి పొరలా మిగిలిన బఫర్ ఆరిపోతుంది. ఉప్పునీళ్లు ఆరిన గిన్నె అంచున తెల్లటి చార కట్టినట్టు, సీలు వెనక లవణపు స్ఫటికాలు పేరుకుంటాయి. సోమవారం పంపు ఆన్ చేయగానే పిస్టన్ ఆ స్ఫటికాలను సీలు మీద రుద్దుతుంది. గరుకు కాగితంతో రాసినట్టే. సీలు అరుగుతుంది, పిస్టన్ మీద గీతలు పడతాయి.

కొందరు తొందరలో ఇంకో తప్పు చేస్తారు. బఫర్ తీసి నేరుగా ఎసిటోనైట్రైల్ పెట్టేస్తారు. ఫాస్ఫేట్ నీళ్లలో కరుగుతుంది కానీ ఎసిటోనైట్రైల్‌లో నిలవదు. రెండూ కలిసిన చోటే గడ్డకట్టి వాల్వులో, కాలమ్‌లో ఇరుక్కుంటుంది.

పోనీ నీళ్లతో కడిగి వదిలేస్తే? కదలని నీళ్లలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఫిల్టర్లు మూసుకుపోతాయి. అందుకే కడగడానికో వరస ఉంది.

గంటలో ఏం చేస్తారు?

ముందు బఫర్ సీసా తీసి, పది శాతం మిథనాల్ కలిపిన నీళ్లు పెడతారు. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున అరగంట పోనిస్తారు. మామూలుగా వాడే 25 సెంటీమీటర్ల కాలమ్ లోపలి ఖాళీ సుమారు మూడు మిల్లీలీటర్లు కాబట్టి, అరగంటలో పదిసార్లు కడిగినట్టు. లవణమంతా పోయాక మిథనాల్ పాళ్లు సగానికి పైగా పెంచి మరో అరగంట. ఆ ద్రావణంతోనే మెషీన్ నిద్రపోతుంది. సూక్ష్మజీవులు పెరగవు. సీలు వెనక భాగాన్ని కడిగే ఏర్పాటు ఉన్న పంపుల్లో, పది శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లు విడిగా పంపుతారు. ఆ రోజు వాడని పైపులో పాత బఫర్ ఏమైనా ఉందా అని చూడటం చాలామంది మరిచిపోయే సంగతి.

పొద్దున్నే ఇంకో పని. వ్యవసాయ మోటారుకు గాలి పడితే నీళ్లు పోసి ఎత్తించినట్టే, ఈ పంపుకూ బుడగ పడితే పర్జ్ వాల్వు తెరిచి వేగంగా ద్రవం లాగించాలి. తెరపై ఒత్తిడి గీత కుదురుగా లేకుండా పైకీ కిందికీ ఊగుతోందంటే లోపల గాలి ఉందేమో, సీలు కారుతోందేమో, గోళీ అంటుకుందేమో చూడాలి.

93 కాస్తా 98!

ఇదంతా మెషీన్ మన్నిక కోసమేనా? కాదు. అసలు సంగతి మాత్రలో ఉంది.

మందు ఎంతుందో చెప్పేది తెరపై లేచే శిఖరం విస్తీర్ణం. ముందు స్వచ్ఛమైన మందుతో ప్రామాణిక కొలత తీసి, మాత్రను దానితో పోలుస్తారు. ఈ రెంటికీ మధ్య సీలు కారడం మొదలై ప్రవాహం ఐదు శాతం తగ్గిందనుకోండి. మందు డిటెక్టర్ ముందు కాస్త ఎక్కువసేపు ఉంటుంది. శిఖరం ఆ మేరకు పెద్దదవుతుంది. నిజానికి 93 శాతమే ఉన్న మాత్ర 98 శాతంగా కనిపిస్తుంది! తప్పాల్సిన బ్యాచ్ పాసవుతుంది.

దీన్ని పట్టుకోవడానికే ప్రామాణిక ద్రావణాన్ని మొదట ఐదారుసార్లు ఎక్కిస్తారు. వాటి మధ్య తేడా సాధారణంగా రెండు శాతం దాటకూడదు. మధ్యలోనూ, చివరా మళ్లీ ఎక్కించి చూస్తారు. తేడా వస్తే పరీక్ష ఆపి, ఎందుకొచ్చిందో రాసి, విచారణ జరపాలి. అప్పటిదాకా లక్షల మాత్రల బ్యాచ్ గోడౌన్‌లోనే. అలాంటప్పుడే ‘ఎవరికీ చెప్పకుండా ఇంకోసారి నడిపేద్దాం’ అనే ఆశ పుడుతుంది. అలా దాచిన పరీక్షలు తనిఖీలో బయటపడితే కంపెనీకి ఎంత నష్టమో, బయటపడకపోతే మందు వేసుకున్న వాళ్లకు అంత ప్రమాదం. శనివారం సాయంత్రం ఆ గంట కేటాయిస్తే, ఆ ఆశ పుట్టే సందర్భాలే చాలా తగ్గుతాయి.

ఆరున్నర అయింది. ఒత్తిడి గీత తిన్నగా, ఊగకుండా నడుస్తోంది. ఆ అమ్మాయి పంపు ఆపి, లాగ్‌బుక్‌లో ఏ ద్రావణంతో ఎంతసేపు కడిగిందో రాసి, సంతకం చేసింది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. గేటు బయట బాలానగర్ వైపు వెళ్లే షేర్ ఆటో ఆగింది.

అందులో ఆమె పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలో మందుల షాపు కవరు. ఆ మాత్రలను కూడా ఎక్కడో ఒకచోట, ఇలాగే ఒకరు పరీక్షించి ఉంటారు. పంపు కడిగాకే ఇంటికి వెళ్లి ఉంటారు. అలాంటివాళ్ల మీద నమ్మకంతోనే కదా, మనం స్ట్రిప్ చించి మాత్ర నోట్లో వేసుకునేది!